బెల్లం నీళ్ల దాణాకు బూజు పడితే

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన హొసకోటె. ఆరు ఆవులున్నాయి. వేరుశనగ చెక్క, మొక్కజొన్న నూకలో బెల్లం నీళ్లు కలిపి పెడుతున్నాను. తొట్టిలో మిగిలిన దాణాకు రెండు మూడు రోజుల్లో అంచుల వెంట పచ్చటి బూజు వస్తోంది. తీపి వల్ల విషం పెరుగుతుందంటున్నారు, నిజమేనా? బూజు తీసేసి, ఎండబెట్టి పెట్టొచ్చా?

జవాబు: వద్దండీ, పెట్టకండి. ఎండకు బూజు చచ్చినా అది అప్పటికే వదిలిన విషం దాణాలోనే ఉంటుంది. ఉడకబెట్టినా పోదు.

తీపి గురించి మీరు విన్నది చాలావరకు నిజమే. చెక్క, మొక్కజొన్నల మీద తరచుగా పట్టే పచ్చ బూజు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. కంటితో చూసి అదేనని తేల్చలేం కానీ, అదే అనుకుని జాగ్రత్తపడాలి. అది తయారుచేసే విషం అఫ్లాటాక్సిన్. గ్లూకోజు, ఫ్రక్టోజు, బెల్లంలో ఉండే సుక్రోజు దొరికితే ఈ విషం జోరుగా తయారవుతుంది. అదే బూజును పాలలోని లాక్టోజు మీద పెంచితే విషం బాగా తక్కువ. చక్కెర విరిగినప్పుడు వచ్చే పదార్థాలే ఈ విషానికి ముడిసరుకు.

అలాగని బెల్లం మానేస్తే సరిపోదు. మొక్కజొన్న గింజ మొలక భాగంలోనే చక్కెరలున్నాయి. గింజలోని పిండిని కూడా బూజు తన ఎంజైములతో విరగ్గొట్టి చక్కెర చేసుకుంటుంది. అసలు చిక్కంతా తడితోనే. చిక్కటి పాకానికి బూజు అంత తేలిగ్గా పట్టదు. నీళ్లు కలిపి పలచన చేసి, రోజుల తరబడి తొట్టిలో వదిలేస్తే పడుతుంది. అందుకే ఏ పూటకు ఆ పూటే కలపండి. మూలల్లో అంటుకున్న ముద్ద గీకేసి, తొట్టి కడిగి ఆరనిచ్చాకే కొత్త దాణా పోయండి. పాత ముద్ద మీదే పోస్తే బూజుకు తోడు వేసినట్టే. మొక్కజొన్నను తేమ 12-13 శాతానికి దిగేదాకా ఆరబెట్టి, బస్తాలను గోడకు ఆనకుండా చెక్కబల్లల మీద పెట్టండి.

నా భయమంతా పాల గురించే. ఆవు తిన్న విషంలో కొంత ఒక్క రోజులోనే అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలోకి మారి పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. మన దేశంలో ఇది కిలో పాలకు 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని నిబంధన. దాణా మార్చేస్తే నాలుగైదు రోజుల్లో బాగా తగ్గిపోతుంది. అందాకా ఆ పాలు పసిపిల్లలకు పట్టకండి, పాల కేంద్రానికీ పోయకండి. మేత తగ్గినా, పాలు పడిపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి.

తీసేసిన బూజు దాణాను కోళ్లకు మాత్రం వేయకండి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయింది ఇలాంటి వేరుశనగ చెక్క తినే. గొయ్యి తీసి పూడ్చేయండి.