నెల తర్వాత సీటీ స్కాన్ ఎందుకని అడిగిన అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది గాజువాక. నేను స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తాను. అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది, ఫిజిక్స్ మేజర్. అమెరికాలో ఉంటున్న మా బావగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తే రేడియేషన్ గింజలు లోపలే పెట్టేశారు. నెల తర్వాత మళ్లీ సీటీ స్కాన్ తీశారు. జబ్బు తగ్గిందో లేదో చూడటానికి కాదట, డోసు సరిగా అందుతోందో లేదో లెక్క చూడటానికట. ఫోన్లో ఆ మాట విన్నప్పటి నుంచి మా అమ్మాయి ఆ లెక్క చూసే ఉద్యోగమే చేస్తానంటోంది. చుట్టాలేమో ఈ డిగ్రీ మాన్పించి బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీలో చేర్చమంటున్నారు. ఆడపిల్ల, రేడియేషన్ దగ్గర పని అంటే ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: డిగ్రీ మాత్రం మాన్పించకండి. స్కాన్ తీసేవారు వేరు, ఆ స్కాన్ మీద డోసు లెక్కగట్టేవారు వేరు. తీసేది టెక్నాలజిస్టు. లెక్క మెడికల్ ఫిజిసిస్టుది. ఇమేజింగ్ టెక్నాలజీ మంచి కోర్సే, చదువు అవగానే పని దొరుకుతుంది. కానీ ఫిజిక్స్ ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీ లేకుండా ఫిజిసిస్టు కావడం కుదరదు. ఆ సంగతి ఆలస్యంగా తెలుసుకుని నా దగ్గరికి వచ్చే పిల్లలు ఏటా ఉంటారు. మీ అమ్మాయి ఇప్పటికే సరైన దారిలో ఉంది.

ఆమెను పట్టుకున్న ప్రశ్న చాలా మంచిది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఆ గింజ పొడవు 4.5 మిల్లీమీటర్లు, మందం 0.8 మిల్లీమీటర్లు. టైటానియం గొట్టంలో సాధారణంగా అయోడిన్ 125 ఉంటుంది. దాని శక్తి సుమారు 60 రోజులకోసారి సగానికి పడిపోతూ ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ సూదులతో ఇలాంటివి పదుల సంఖ్యలో, ఒక్కోసారి వందకు పైగా గ్రంథిలో నాటుతారు. గింజలతోనే వైద్యం చేస్తే డాక్టరు రాసే డోసు మామూలుగా 145 గ్రే. గ్రే అంటే ఒంట్లోకి చేరే రేడియేషన్‌కు కొలత.

రాసినంత మాత్రాన అంతా అందదు కదా. అన్ని సూదులు గుచ్చాక గ్రంథి వాస్తుంది. వాచినప్పుడు గింజలు ఎడమవుతాయి, వాపు తగ్గేకొద్దీ దగ్గరకు జరుగుతాయి. దూరం కాస్త మారినా డోసు బాగా మారుతుంది, విలోమ వర్గ నియమం మీ అమ్మాయి చదివే ఉంటుంది. ఒకటీ అరా గింజ రక్తంతో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో తేలడం కూడా ఉంది. అందుకే వాపు తీసేదాకా ఆగి, సుమారు 30వ రోజున సీటీ తీస్తారు.

ఇక్కడే అసలు చిక్కు. సీటీలో గింజలు తెల్లగా మెరుస్తాయి, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. కానీ గ్రంథి ఎక్కడ ముగిసి పక్క కండరం ఎక్కడ మొదలైందో సరిగా తెలియదు. ఎంఆర్‌ఐలో గ్రంథి అంచు చక్కగా కనిపిస్తుంది, గింజలేమో నల్లని మచ్చల్లా ఉండి రక్తనాళాలతో కలిసిపోతాయి. రెండు బొమ్మలనూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చి, సీటీ నుంచి గింజల చోటు, ఎంఆర్‌ఐ నుంచి గ్రంథి హద్దు తీసుకుంటారు. అందులో రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా లెక్క తప్పుతుంది. ఆపైన అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 1995లో ఇచ్చిన టీజీ-43 పద్ధతిలో ప్రతి గింజ డోసూ లెక్కకట్టి కలుపుతారు. చివరికి వచ్చే ముఖ్యమైన అంకె డీ90. గ్రంథిలో 90 శాతం భాగానికి కనీసం ఎంత డోసు అందుతుందో అది చెబుతుంది. మూత్రనాళానికి, పురీషనాళానికి ఎంత పోతోందో కూడా చూస్తారు. ఎక్కడైనా బాగా తక్కువ పడితే మరికొన్ని గింజలు పెట్టాలా, బయటి నుంచి రేడియేషన్ ఇవ్వాలా, అలాగే వదిలేయొచ్చా అన్నది డాక్టరు నిర్ణయం.

ఇప్పుడు అమ్మాయికి కాస్త నిరాశ కలిగించే మాట. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు ఈ అయోడిన్ గింజలను మన దేశంలోనే తయారు చేస్తారు. అయినా ఇక్కడ ప్రోస్టేట్ గింజల వైద్యం తక్కువ. ఆమె రోజువారీ పని ఎక్కువగా బయటి నుంచి రేడియేషన్ ఇచ్చే మిషన్ లీనియర్ యాక్సిలరేటర్‌తో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఇచ్చే బ్రాకీథెరపీతో, అంటే రేడియేషన్ మూలాన్ని ఒంటి లోపలికే పంపి చేసే వైద్యంతో ఉంటుంది. ఆ బ్రాకీథెరపీలో వాడేది సాధారణంగా ఇరిడియం 192. మీకిది కొత్త పేరు కాకపోవచ్చు, వెల్డింగ్ జాయింట్ల గామా రేడియోగ్రఫీలో వాడేదీ ఇదే. అక్కడ బొమ్మ ముందే తీసి, లెక్క ముందే వేసి, తర్వాత డోసు ఇస్తారు. పేషెంట్లు వెళ్లిపోయాక రాత్రి పొద్దుపోయేదాకా మిషన్ కొలతలు సరిచూసుకునే రోజులూ ఉంటాయి. మామయ్య కేసు ఒక్కటే ఊహించుకుని రావద్దని చెప్పండి.

దారి ఇది. డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఆపైన రేడియలాజికల్ ఫిజిక్స్‌లో పీజీ డిప్లొమా. ముంబయిలో బార్క్ ఇచ్చే ఏడాది డిప్లొమాకు మంచి పేరుంది, పోటీ కూడా అలాగే ఉంటుంది. లేదా డిగ్రీ కాగానే నేరుగా మెడికల్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, చెన్నైలో అన్నా యూనివర్సిటీలాంటి చోట్ల ఉంది. ఏ దారిలో వెళ్లినా రేడియోథెరపీ విభాగంలో 12 నెలల ఇంటర్న్‌షిప్ తప్పదు. చేరేముందు ఆ కోర్సుకు ఏఈఆర్‌బీ (దేశంలో రేడియేషన్ భద్రత చూసే అణుశక్తి నియంత్రణ మండలి) గుర్తింపు ఉందో లేదో చూసుకోండి, కాలేజీ వాళ్ల మాట నమ్మి ఫీజు కట్టేయకండి. ఎమ్మెస్సీకి ఆంధ్రా యూనివర్సిటీ ఉండగా దూరం పోనక్కర్లేదు. స్వామి జ్ఞానానంద న్యూక్లియర్ ఫిజిక్స్‌కు పునాది వేసిన చోటు అది. మార్కులు మాత్రం 60 శాతం దిగనివ్వొద్దు. ఎంపీసీ పిల్లకు శరీర శాస్త్రం రాదనే భయం అక్కర్లేదు, కావలసినంత డిప్లొమాలో నేర్పిస్తారు.

ఇక మీ భయం. రేడియేషన్ సిబ్బందికి ఏఈఆర్‌బీ పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ వల్ల ఒంటికి కలగగల హానిని లెక్కించే కొలత), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఒంటి మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి, అంటే తగిలిన రేడియేషన్‌ను కొలిచే బిళ్ల, ఆ లెక్క చెబుతూ ఉంటుంది. డోసు ఇచ్చేటప్పుడు సిబ్బంది గది బయటే ఉంటారు, ఇరిడియం దానంతటదే మిషన్ నుంచి వెళ్లి వస్తుంది. గర్భం వస్తే ఆ సంగతి చెప్పగానే కడుపులోని బిడ్డకు 1 మిల్లీసీవర్టు దాటకుండా పని మార్చాలి. ఈ ఉద్యోగంలో ఆడవాళ్లు బాగానే ఉన్నారు. రోజూ గాజువాక నుంచి హైవే మీద బస్సులో తిరిగే ప్రమాదమే నాకు ఎక్కువనిపిస్తుంది.

అగనంపూడిలో మీ ఇంటికి దగ్గర్లోనే హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కాలేజీ నుంచి ఉత్తరం తీసుకుని, సెలవుల్లో అక్కడి ఫిజిక్స్ విభాగాన్ని చూడనిస్తారేమో అడగండి. ఈలోగా మామయ్యగారికి అభ్యంతరం లేకపోతే, ఆయన రిపోర్టులో డీ90 ఎంత రాశారో ఫోన్లో కనుక్కోమనండి.