అల్లం బీరుకి రోజు చూసుకుని తోడెయ్యి

పర్లాకిమిడి

చిరంజీవి బాబుకి, పెదనాన్న ఆశీస్సులు.

రాయగడలో, ఇంట్లోనే బీరు కాచుకోవచ్చా అని అడిగావు. ఆ ఆలోచన మానుకో. లైసెన్సు లేకుండా మద్యం తయారుచెయ్యడం ఒడిశాలో నేరం. పైగా ఏల్ అనే మామూలు రకం బీరుకి రెండు వారాలు 18–22 డిగ్రీల చల్లదనం ఉండాలి. ఏసీ గది బీరుకిచ్చి పిల్లల్ని వసారాలో పడుకోబెట్టలేవు కదా! దానికి బదులు అల్లం, పంచదార పులియబెట్టి చేసే పొంగు పానీయం, అల్లం బీరు చేసుకో. చేతిపని గంటకి మించదు, మిగతాదంతా ఎదురుచూపే. ఆ ఎదురుచూపు నీ షిఫ్టుల్లో ఎక్కడ పడుతుందో చూసుకోవాలి, అంతే.

ముందు తోడు. సంతలో మట్టంటిన కొత్త అల్లం కొను. పొంగించే ఈస్టు తొక్క మీదే ఉంటుంది, మట్టి పోయేలా కడుగు గానీ చెక్కు తియ్యకు. గాజు సీసాలో 300 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లు, చెంచాడు అల్లం తురుము, చెంచాడు పంచదార వేసి పల్చటి గుడ్డ కట్టు. కుళాయి నీళ్లు పచ్చివి పొయ్యకు, క్లోరిన్ ఉంటే ఈస్టు సరిగా లేవకపోవచ్చు. రోజూ పొద్దున్న కాఫీ కలిపేటప్పుడే మరో చెంచా అల్లం, చెంచా పంచదార. తరవాణి కుండ చూసుకున్న ఇంటికి ఇదో పనా! ఎండాకాలంలో రెండుమూడు రోజులకి, చలికాలంలో వారానికి బుడగలు లేస్తాయి. పైన తెల్లటి పొర కడితే తీసెయ్యి. నల్లగానో పచ్చగానో బూజు బొచ్చు కట్టిందా, మొత్తం పారబొయ్యి.

శనివారం రాత్రి, అన్నం ఉడుకుతుండగా పక్క పొయ్యి మీద రెండు లీటర్ల నీళ్లలో 120 గ్రాముల దంచిన అల్లం, 150 గ్రాముల పంచదార వేసి పావుగంట మరిగించి మూతపెట్టి వదిలెయ్యి. తెల్లారేసరికి చల్లారుతుంది. తొందరపడి గోరువెచ్చదనం మించిన వేడిలో తోడు పోస్తే ఈస్టు చచ్చిపోతుంది. అప్పుడు పొంగు రాదు. ఆదివారం పొద్దున్న వడగట్టి, రెండు నిమ్మకాయల రసం, 100 మి.లీ. తోడు నీళ్లు కలిపి కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాల్లో నింపు. పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచు. తోడు సీసాలో తీసినంత నీళ్లు, చెంచాడు అల్లం, చెంచాడు పంచదార తిరిగి వెయ్యి.

గాజు సీసాలొద్దు. గ్యాసు ఎక్కువైతే పగిలి పెంకులు గదంతా ఎగురుతాయి. ప్లాస్టిక్‌ది నొక్కి చూస్తే తెలిసిపోతుంది: వేలికి లొంగకపోతే అయినట్టే, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. మేలో ఒక్క రోజు చాలు, డిసెంబరులో మూడు రోజులు పట్టొచ్చు. అందుకే మర్నాడు ఇంట్లో ఎవరూ ఉండరనుకున్న రోజు సీసాలు నింపకు. నీకు నైట్ షిఫ్టుంటే నొక్కి చూసే పని కోడలికో పెద్దాడికో ముందే చెప్పు.

బయట ఎక్కువసేపు ఉంచితే తీపి తగ్గి మత్తు పెరుగుతుంది. ఎంత జాగ్రత్తపడ్డా కాస్త ఆల్కహాలు ఊరుతుంది, చంటిదానికి పొయ్యకు. ఫ్రిజ్‌లో కూడా నెమ్మదిగా పొంగుతూనే ఉంటుంది, వారంలోపే తాగెయ్యండి.

పెళ్లిళ్లకి ఊరెళ్తే తోడు సీసా ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లు. వారానికోసారి పంచదార అందితే బతుకుతుంది. వాడే ముందురోజు బయటపెట్టి మేపు.

తాగే ముందు బీరు సీసా మూత మాత్రం బాగా చల్లబడ్డాకే, సింకులో పెట్టి, కొంచెం కొంచెంగా తిప్పు.

మీ పెదనాన్న