10వ మాగ్నిట్యూడ్ ఆస్టరాయిడ్ 5 అంగుళాల టెలిస్కోప్‌కి అందుతుందా?

5 అంగుళాల రిఫ్లెక్టర్‌లో (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) 10వ మాగ్నిట్యూడ్ ఆస్టరాయిడ్ (గ్రహశకలం) కనబడుతుందా, కనబడితే అదేనని ఎలా తెలుస్తుంది అని కదా అడిగారు. వీధి దీపాలకి దూరంగా వెళ్తే కనబడుతుంది. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది. వట్టి కంటికి ఆనే చివరి చుక్క 6 అనుకుంటే, మీది దాంట్లో 40వ వంతు వెలుగు, అంతే. కానీ అదేనని ఒక్క రాత్రిలో తేలదు, నక్షత్రాల మధ్య అది రోజురోజుకీ జరగడం చూశాకే తెలుస్తుంది.

నేను పట్టింది జూనో అనే ఆస్టరాయిడ్‌ని, మదనపల్లె దగ్గర మా ఊళ్లో డాబా మీద, 6 అంగుళాల డాబ్సోనియన్‌తో (అదీ రిఫ్లెక్టరే). ఫోన్‌లో ఆకాశపటం చూపే యాప్‌లో దాని మాగ్నిట్యూడ్ 9.8 అని ఉంది. 25 ఎంఎం ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకం) పది పన్నెండు చుక్కలు, అన్నీ ఒక్కలాగే. జూనో అడ్డంగా సుమారు 250 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డంత కూడా లేదు. మన టెలిస్కోపుల్లో బిళ్లలా కనబడే ప్రసక్తే లేదు. అమ్మని పిలిచి చూపిస్తే "ఇంతసేపూ ఈ చుక్క కోసమా?" అని కిందికి వెళ్లిపోయింది.

అసలు పని పెన్సిల్‌ది. నోట్‌బుక్‌లో గుండ్రం గీసి, కనబడ్డ చుక్కలన్నీ పెట్టేయండి. ఓరకంట చూస్తే ఇంకో రెండు మూడు తేలతాయి. రిఫ్లెక్టర్‌లో అంతా తలకిందులు కాబట్టి, యాప్‌లో పటంతో పోల్చేటప్పుడు ఫోన్‌ని కూడా తిప్పి పట్టుకోండి. ఇది తట్టక నేను మొదటి రాత్రి వేరే చుక్కకి సున్నా చుట్టాను.

మర్నాడు తప్పు దిద్దుకుని చూసినా అసలు చుక్క కూడా కదిలినట్టు లేదు! జూనో మన ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కుకి వచ్చి అప్పటికి ఏడు వారాలు. వెనక్కి నడుస్తున్నట్టు కనబడేది మళ్లీ ముందుకి తిరగడాన్ని పంచాంగాల్లో వక్రం విడవడం అంటారే, సరిగ్గా ఆ సమయం, దాదాపు నిలబడిపోతుంది. సాయంత్రం పూటకే పైకొచ్చి ఉండే ఆస్టరాయిడ్లతో ఈ చిక్కు తరచూ ఉంటుంది. ఐదో రాత్రి చూస్తే, మూడు చుక్కల త్రికోణంలో లోపల గీసినది బయటికొచ్చేసింది. అరిచాను కూడా.

1861లో పోగ్సన్ అనే ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త మద్రాస్ అబ్జర్వేటరీ నుంచి 'ఆసియా' అనే ఆస్టరాయిడ్‌ని కనుక్కున్నదీ ఇలాగే టెలిస్కోప్‌లో కంటితో చూసే, ఫొటోలతో వెతకడం ఇంకా మొదలవని రోజుల్లో. మీరడిగిన మాగ్నిట్యూడ్‌కి, 5 అంకెల తేడా అంటే వెలుగులో 100 రెట్లు అనే లెక్క 1856లో ఇచ్చిందీ ఆయనే.

శుక్ల పక్షంలో మొదలుపెట్టకండి, సాయంత్రమంతా చంద్రుడే ఉంటాడు. బహుళ చవితి వెళ్లాక చూడండి, అమావాస్య దాకా చీకటి మీదే.