బ్యాంకు ఉద్యోగమా, జీడిపప్పు యూనిట్టా?

ప్రశ్న: మాది పలాస. అమ్మాయి శ్రీకాకుళంలో బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరమంటే జీడిపప్పు యూనిట్ పెడతానంటోంది. మా తమ్ముడు ఇదే వ్యాపారంలో చేతులు కాల్చుకున్నాడు. ఈ పిచ్చి వదిలించేదెలా?
– ఒక తండ్రి

జవాబు: పిచ్చి అన్న మాట పక్కన పెడదామండీ. విద్యార్థులకు సొంత వ్యాపారం చేయాలన్న సంకల్పం ఎలా కలుగుతుందో చెప్పడానికి పరిశోధకులు ఎక్కువగా 1991లో మనస్తత్వవేత్త ఐసెక్ ఐజెన్ వివరించిన సిద్ధాంతాన్ని వాడతారు. అందులో మూడు అంశాలున్నాయి: పని మీద ఇష్టం, అయినవాళ్ళు ఏమంటారోనన్న ఆలోచన, చేయగలనన్న నమ్మకం. చాలా అధ్యయనాల్లో ఇష్టం, నమ్మకం బాగా పనిచేశాయి. ఇంట్లోవాళ్ళ మాట నేరుగా చూపిన ప్రభావం తక్కువే. అందుకే మీరు వద్దన్నంత మాత్రాన ఆమె మానకపోవచ్చు.

చూడవలసింది ఆమె నమ్మకానికి ఆధారముందా అని. జీడి బట్టీల వాసన పీల్చి పెరగడం వేరు, బట్టీ నడపడం వేరు. 80 కిలోల పిక్కల బస్తాకు పప్పు ఎంత దిగుతుందో అడగండి. దాదాపు నాలుగో వంతు. అందులో గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద (రెండుగా చీలింది) ఎంత? బద్దకు ధర తగ్గుతుంది. పిక్కలు వచ్చేది వేసవిలో. ఏడాదంతా యూనిట్ నడవాలంటే అప్పుడే కొని నిల్వ చేయాలి, పెట్టుబడి అంతా గోదాములో బస్తాలై కూర్చుంటుంది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. మీ తమ్ముడికి దెబ్బ తగిలింది పిక్కల ధరలోనా, వడ్డీలోనా, అరువులోనా? ఆయన పాత ఖాతా పుస్తకాలు అడిగి తెచ్చి అమ్మాయి ముందు పెట్టండి. బీకాంలో అలాంటి పాఠం దొరకదు.

పరీక్షలు కాగానే నాలుగు నెలలు తెలిసినవారి యూనిట్‌లో పనికి పంపండి. గల్లాపెట్టె దగ్గర కాదు, పిక్కలు ఉడికించే చోట, గ్రేడింగ్ బల్ల దగ్గర. జీడి చమురు చేతికి అంటుకున్నాక కూడా ఇష్టం నిలిస్తే అప్పుడు డబ్బు సంగతి చూద్దాం. చిన్న యూనిట్లు పెట్టేవారికి సాయం చేసే కేంద్ర పథకం పీఎంఈజీపీ నిబంధనల్లో మహిళలకు పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం రాయితీ ఉంది. సొంత వాటా 5 శాతం. పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీ కాబట్టి స్థలం ఎక్కడన్నది ముందే ఆలోచించుకోవాలి. వివరాలు జిల్లా పరిశ్రమల కేంద్రంలో చెబుతారు.

బ్యాంకు దారి మూసుకుపోదు. ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకు జరిపే ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షకు 28 ఏళ్ళ వరకు వయసు ఉంటుంది. తమ్ముడిగారి పుస్తకాలు మాత్రం ఈ వారమే తెప్పించండి.