పచ్చి పనస దుంగతో లేత్ (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద చేసిన గిన్నె వారానికే పగిలింది, విజయనగరం ఎండలవల్లేనా?

ఎండ ఒక్కటే కాదండీ. చెక్కలో తడి ఆరేటప్పుడు అది అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు, దుంగ కోతలో కనిపించే వలయాల వెంబడి తగ్గేది నడిమి నుంచి బెరడు వైపు తగ్గేదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది, అందుకే గుండ్రటి గిన్నె కోలగా మారుతుంది, దుంగ నడిబొడ్డు అందులో ఉండిపోతే పగలడం దాదాపు ఖాయం. ముందు దుంగను నిలువునా రెండుగా కోసి ఆ నడిబొడ్డు తీసేయండి.

తర్వాత ఒకేసారి పల్చగా తిప్పెయ్యకండి. పది అంగుళాల గిన్నెకి అంగుళం మందం ఉంచి, చెక్క నార అడ్డంగా తెగి కనిపించే చోట్ల మైనం పూసి, కాగితం సంచిలో పెట్టి గాలి కొట్టని మూల వదిలేయండి. నెలలు పడుతుంది, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. వంటింటి కాటా మీద వారానికోసారి తూచండి, బరువు తగ్గడం ఆగాక మళ్లీ లేత్‌కి ఎక్కించి సన్నం చెయ్యండి.

మూత పెట్టెలకైతే పూర్తిగా ఆరిన చెక్కే వాడాలి, లోపల తొలిచాక కూడా కొన్నాళ్లు ఆగి అప్పుడు మూత బిగువు చూసుకోండి, లేకపోతే ఇరుక్కుపోతుంది. పనస మంచిదే, బొబ్బిలి వీణలు దాంతోనే చేస్తారు, కానీ చిన్న డబ్బీలకి నా ఓటు ఏటికొప్పాక బొమ్మలవాళ్లు వాడే అంకుడు కర్రకే.