ఒక్క కేసు పట్టుకో

తమ్ముడూ,

ఆడవాళ్ల హక్కుల తీర్పుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆస్తి హక్కు నుంచి ఆఫీసు వేధింపుల దాకా పదకొండు తీర్పులు తెచ్చావు, చాలా కష్టపడ్డావు. కానీ ప్రతిదాన్నీ ‘చారిత్రక తీర్పు’ అనేసి ముందుకెళ్లిపోయావు, ఒక్కదాంట్లోనూ మనిషి కనబడలేదు. పది వదిలెయ్. నన్నడిగితే 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పిన సరిత కేసు ఒక్కటే పట్టుకో.

ఆమెకు 1975లో, హైస్కూల్లో ఉండగా, 16 ఏళ్లకే పెళ్లయింది. దాదాపు వెంటనే విడిపోయారు. ఐదేళ్లు దాటాక, ఆమె సినిమా నటిగా పేరు తెచ్చుకున్నాక, కాపురానికి రావాలంటూ భర్త హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కింద కడప సబ్ కోర్టులో పిటిషన్ వేశాడు. దాన్ని వినే అధికారం కడప కోర్టుకు లేదన్న అభ్యంతరంతో ఆమె హైకోర్టుకు వచ్చింది. అంత చిన్న అభ్యంతరంతో మొదలైన విషయం, అసలు ఆ సెక్షన్ రాజ్యాంగం ముందు నిలుస్తుందా అన్నదాకా వెళ్లింది. నిలవదన్నారు జస్టిస్ పి.ఎ. చౌదరి. చట్టం మొగుడూపెళ్లాలిద్దరికీ ఒకేలా రాసి ఉన్నా, ఇష్టం లేని కాపురంలో కడుపు మోయాల్సింది ఆడమనిషే కాబట్టి భారం సమానంగా పడదన్నది ఆయన వాదనలో ముఖ్యమైన ముక్క. ఆ తీర్పు పూర్తిగా చదువు, పేపర్లో వచ్చిన సారాంశం కాదు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, నువ్వు ఆపకు. ఢిల్లీ హైకోర్టు ఆయనతో ఏకీభవించలేదు. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు కూడా ఢిల్లీ వైపే నిలిచి, పెళ్లి విరిగిపోకుండా ఈ సెక్షన్ ఉపయోగపడుతుందని చెప్పింది. చౌదరి గారి తీర్పు పోయింది, సెక్షన్ ఉండిపోయింది. ఇంకో సంగతి చూడు, సరోజ్ రాణి కేసులో మొదట సెక్షన్ 9 కింద కోర్టుకెళ్లింది భార్యే. భర్త సరేనని డిక్రీకి, అంటే కలిసి కాపురం చెయ్యమనే కోర్టు ఆదేశానికి, ఒప్పుకున్నాడు, ఆపైన ఏడాది పాటు కలిసి ఉండలేదంటూ అదే డిక్రీ చూపించి విడాకులు అడిగాడు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మళ్లీ 2018లో, వ్యభిచారాన్ని నేరంగా చూసే సెక్షన్ 497ను కొట్టేసిన జోసెఫ్ షైన్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ చంద్రచూడ్ చౌదరి గారి తీర్పును గుర్తుచేసుకున్నారు. 34 ఏళ్ల కిందట వీగిపోయిన మాట అది!

భాష గురించి ఒక్క మాట. ఈ సెక్షన్ 9కి చట్టంలో ఉన్న పేరే పట్టుకుని ‘దాంపత్య హక్కుల పునరుద్ధరణ’ అని నువ్వు ఆరుసార్లు రాశావు. మా వీధిలో ఒకావిడకి ఇలాంటి నోటీసే వస్తే పట్టుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, “పోలీసులొచ్చి నన్ను అత్తారింటికి లాక్కెళ్తారా అక్కా?” అని అడిగింది. లాక్కెళ్లరు. డిక్రీ వచ్చినా వెళ్లకపోతే ఆస్తి జప్తు దాకా వెళ్లొచ్చు, ఏడాది దాటితే విడాకులు అడగొచ్చు, అంతేగానీ మనిషిని ఈడ్చుకెళ్లే అధికారం ఎవరికీ లేదు. ఆ నోటీసు చేతిలో పట్టుకున్న మనిషికి ముందు కావాల్సింది ఈ నాలుగు ముక్కలే, నీ వ్యాసంలో లేనివీ అవే.

వచ్చే వారానికి మళ్లీ రాసి పంపు. కడపలో మొదలుపెట్టు.

మీ అక్క