చెరువు కెమెరా ఇంటి వైఫైలో కనబడదేం?

ప్రశ్న: రొయ్యల చెరువు గట్టున 4జీ సిమ్ రౌటర్‌కి కెమెరా తగిలించాం. అడ్రస్ కొడితే ఫోన్ డేటాలో, నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు తిరగడం కనబడుతోంది. ఇంటి వైఫైలో మాత్రం ఖాళీ. రాత్రుళ్లు టెన్షనండీ.
– ఓ రైతు, పాలకొల్లు

జవాబు: కెమెరా తప్పేం లేదండి. ఆ అడ్రస్‌లో చుక్కల బదులు కోలన్లు ఉంటే అది ఐపీవీ6, అంటే కొత్త రకం ఇంటర్నెట్ అడ్రస్. మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఇంకా 32 బిట్ల పాత ఐపీవీ4 మీదే ఉన్నట్టుంది. రెండూ నేరుగా మాట్లాడుకోవు. గోదావరి దాటించే పంటు లేనిదే సఖినేటిపల్లి బండి నేరుగా నరసాపురం రేవుకి రాదు కదా, అలాగన్నమాట.

కేబుల్ కుర్రాణ్ణి ఐపీవీ6 ఇమ్మనండి. ఇంటి రౌటర్లోనూ అది ఆన్ చేయాలి. అది తెలియక నేను వారం తిరిగాను. అందాకా కెమెరా కంపెనీ యాప్ వాడండి, మధ్యలో వాళ్ల సర్వరే పంటు. కెమెరా పాస్‌వర్డ్ మాత్రం ఇవాళే మార్చేయండి.